అన్నయ్య పేరు మీద

టూంగాబీ, సిడ్నీ
3 మార్చి 2024

ఒరేయ్ మురళీ,

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరం ఏమిటి, పిన్నికి మతి పోయిందా అనుకుంటున్నావు కదూ. పోలేదు. మన ఇళ్లల్లో ఫోను సంగతి నీకు తెలియనిదా? మీ బాబాయ్ స్పీకర్లో పెట్టకుండా ఎవరితోనూ మాట్లాడలేరు. పిఠాపురంలో మీ అమ్మ ఫోనెత్తితే వంటింట్లోంచి వీధరుగు దాకా అందరూ వింటారు. వీడియో అయితే మరీ ఘోరం, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ప్రసాదం గిన్నెలా తిరుగుతూ ఉంటాం. మధ్యలో ఎవరో తొంగిచూసి నా జుట్టు నెరిసిందని వ్యాఖ్యానం చేస్తారు. ఒక మనిషితో ఒక మాట చెప్పుకోవాలంటే స్టాంపు అతికించడం తప్ప నాకు దారి కనపడలేదు.

అసలు విషయానికి వస్తాను. ఎందుకు వెళ్లిపోయావు? మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికిందన్నావు, సరే. సిడ్నీలో గోడౌన్లు లేవా? రెండేళ్లు మా ఇంట్లో ఒకడిగా ఉన్నవాడివి, పొద్దున్న చెప్పి మధ్యాహ్నానికి బస్సెక్కేశావు. నీ మంచం కింద పాత బూట్లు అలాగే ఉన్నాయి. పారేద్దామని తీసి, మళ్లీ అక్కడే పెట్టాను.

నేనేమైనా అన్నానా? నాకు నోటిదురుసు ఎక్కువని మీ బాబాయ్ అంటూనే ఉంటారు. ఈ మధ్య అన్నం కెలికి లేస్తున్నావేం, ఏ పిల్లయినా కాదందా అని అందరి ముందూ అడిగాను. అదే అయితే చెప్పు, తప్పయిందంటాను.

నువ్వు లేకపోతే ఇల్లు మూగబోయింది. నా కొడుకు, మీ అన్నయ్య ఆదర్శ్ ఉన్నా లేనట్టే. నేను తెలుగులో అడుగుతాను, వాడు ఇంగ్లీషులో జవాబు చెప్తాడు, ఇద్దరికీ మధ్య నువ్వు ఉండేవాడివి. మంచి కబురు ఒకటుంది. హారిస్ పార్క్‌లో ఉండే అమూల్యని ఇష్టపడుతున్న సంగతి వాడు చివరికి నోరు విప్పి చెప్పాడు. పిల్ల బంగారం. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి ఈ చలికాలంలో తాంబూలాలు పుచ్చుకుందామనుకుంటున్నాం.

నా ఆఫీసు గురించి రాయడానికి ఏమీ ఉండదు. హెల్త్ డిపార్ట్‌మెంట్లో జబ్బుల లెక్కలు చూస్తానంటే మీ అమ్మ ఇప్పటికీ నన్ను కాంపౌండరనుకుంటుంది. అక్కడి మాటలు గడప దాటించకూడదని మాతో సంతకం పెట్టించుకుంటారు. అందుకే ఎవరడిగినా ఫ్లూ జ్వరాలు లెక్కపెడతానని చెప్పి ఊరుకుంటాను.

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఇంకేదో పేరు అనుకుంటే, కాదని పట్టుబట్టి బాలమురళి అని పెట్టించింది నేను. ఆ హక్కుతో అడుగుతున్నాను. జవాబు రాయి.

నీ పిన్ని,
సత్యభామ


టార్నీట్, మెల్‌బోర్న్
19 మార్చి 2024

పిన్నీ,

ఉత్తరం అందింది. నా పేరుతో ఇక్కడికి బ్యాంకువాళ్లవి తప్ప ఏవీ రావు కాబట్టి ముందు భయపడి, తర్వాత నీ దస్తూరీ చూసి గుమ్మంలోనే కూర్చుని చదివాను.

నువ్వేమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. పని దొరికింది, వచ్చాను. వేర్‌హౌస్‌లో స్కానర్ పట్టుకుని అరల్లోంచి పెట్టెలు తీసి బండి మీద పేర్చడం. చెవులకి తగిలించిన హెడ్‌సెట్‌లో మెషీను ఆడగొంతు ఒకటి ఏ అరకి వెళ్లాలో చెప్తూ ఉంటుంది. షిఫ్టు మొత్తంలో నాతో మాట్లాడేది ఆవిడొక్కతే.

ఇంట్లో నలుగురం, అందరం తెలుగువాళ్లమే. షిఫ్టులు వేరువేరు కాబట్టి ఒకరికొకరం కనపడేది తక్కువ. ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లది, పెరుగు డబ్బాల మీద పేర్లు రాసి ఉంటాయి. ఇక్కడ ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి పిన్నీ. అదే ఇటుక రంగు, అదే గరాజు తలుపు, ఇంకా ఎదగని అవే చెట్లు. వచ్చిన కొత్తలో పక్కవీధిలో వేరేవాళ్ల తలుపుకి నా తాళంచెవి పెట్టి తిప్పాను. లోపల్నించి ఒక పంజాబీ ఆయన వచ్చాడు. కోప్పడలేదు, రోజూ ఎవరో ఒకరు ఇలాగే వస్తారన్నాడు.

సెలవు రోజున స్టేషన్ దాకా నడుస్తాను. ట్రెయిన్ ఎక్కను. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూసి తిరిగి వచ్చేస్తాను.

ఈ దేశంలోనే ఉండిపోవడానికి పెట్టిన నా పీఆర్ ఫైలు ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా ఏ తలనొప్పీ నెత్తికెత్తుకోవద్దని ఏజెంటు చెప్పాడు. అందుకే ఎవరితోనూ పెద్దగా కలవడం లేదు. పాత నంబరు తీసేశాను, కొత్తది బాబాయ్‌కి ఇచ్చాను. ఇంకెవరికీ ఇవ్వొద్దు.

అన్నయ్యకి నా తరఫున కంగ్రాట్స్ చెప్పు. బూట్లు పారెయ్యి.

మురళి


టూంగాబీ
12 మే 2024

మురళీ,

ఇవాళ ఇక్కడ మదర్స్ డే. ఆదర్శ్ చామంతి కుండీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, 'హ్యాపీ మదర్స్ డే మమ్' అని భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఏడ్చాను. వాడు కంగారుపడి పూలు నచ్చలేదా అన్నాడు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. నిన్ను ఒకటి అడగాలి. ఆదర్శ్ తన ఒంటి సంగతి నీతో ఏమైనా చెప్పాడా? రెండేళ్లు ఒకే గదిలో పడుకున్నారు. నాకు చెప్పనివి వాడు నీకు చెప్పేవాడు. ఏదైనా దాస్తున్నాడా? ఎక్కడికైనా పరీక్షలకి వెళ్లాడా? ఎందుకు అడుగుతున్నావని నన్ను అడగకు, చెప్పలేను.

నాకు వాడు చిక్కిపోయినట్టు కనపడుతున్నాడు. మీ బాబాయ్‌ని అడిగితే జిమ్ముకి వెళ్తున్నాడు కదే అన్నారు. దగ్గితే గుమ్మంలో నిలబడి వింటున్నాను. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. 'మమ్, స్టాప్ స్టేరింగ్' అని కంచం తీసుకుని గదిలోకి పోయాడు. ఇప్పుడు చామంతులతో నేనూ, టీవీతో మీ బాబాయీ మిగిలాం.

ఆఫీసులో కూడా మనసు తిన్నగా లేదు. ఒక పని ఇది నేను చెయ్యకూడనిదని మా పైఅధికారి వీణగారికి అప్పగించాను. ఆవిడ ఎందుకని అడగలేదు, మా దగ్గర అది మర్యాద. చూడకూడనిది పక్కన పెట్టడమూ మా పనిలో భాగమే. కానీ కళ్లు చెయ్యి కంటే ముందుంటాయి.

నువ్వు ఒక ఉపకారం చెయ్యి. వాడితో మాట్లాడినప్పుడు నీ మాటగానే చెప్పు. మనిషికి ఏ జబ్బు వచ్చినా ఇంట్లోవాళ్లతో చెప్పుకోవచ్చనీ, అమ్మ గుండె రాయి కాదనీ, ఎవరూ వెలివెయ్యరనీ చెప్పు.

నువ్వు కూడా వేళకి తిను. పెరుగు డబ్బా మీద పేరు రాసుకోవడం ఏమిట్రా, చదివి కడుపు తరుక్కుపోయింది.

పిన్ని


టార్నీట్
26 మే 2024

పిన్నీ,

నీ ఉత్తరం అందింది.

అడగాల్సింది ఉంటే నన్ను సూటిగా అడుగు. అన్నయ్య మీద పెట్టి తిప్పి తిప్పి అడగడం ఎందుకు? నీకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. ఒకరి ఒంటి సంగతి వాళ్లు చెప్పుకుంటేనే తెలుసుకోవాలి. నేనేమీ చెప్పను, చెప్పలేను కూడా.

ఎందుకు వెళ్లిపోయావని అడిగావు కదా, అది మాత్రం చెప్తాను. ఆ ఇంట్లో ఉండలేకపోయాను. ఒకే బాత్రూము, ఒకే తువ్వాళ్లు, అవే కంచాలూ గ్లాసులూ. నాకు భయం వేసింది. అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన. ఇంతకంటే అడగకు.

ఈ మాట పిఠాపురం దాకా వెళ్లిందంటే నేను ఇక ఎవరికీ కనపడను. బెదిరింపు కాదు, నిజం చెప్తున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. మధ్యాహ్నం గాలి లేస్తే కొత్త ఇళ్ల కోసం తవ్విన మట్టంతా వీధిలోకి వస్తుంది.

మురళి


టూంగాబీ
7 జులై 2024

మురళీ,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అలాగే రాస్తున్నాను.

భయం వేసిందా? వాడితో ఒకే గ్లాసులో తాగాలంటే భయం వేసిందా? నువ్వు ఈ దేశం వచ్చిన రోజు తన మంచం నీకిచ్చి నేల మీద పడుకున్నవాడు వాడు. నీకు ముందే తెలుసన్నమాట. తెలిసి నాకు చెప్పకుండా మూట కట్టుకుని పారిపోయావు. పైగా నాకు నీతులు.

చదువుకున్నవాడివి కదా, విను. కంచాల వల్లా తువ్వాళ్ల వల్లా అంటుకునే జబ్బు కాదది. ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, దగ్గితే రాదు. రోజుకో మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుని, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, నిండు నూరేళ్లు బతికేవాళ్లు ఈ ఊళ్లోనే ఎంతోమంది ఉన్నారు. మందు సరిగా వాడితే రక్తంలో దాని జాడ పరీక్షకి కూడా అందదు. అలా జాడ అందని మనిషి వల్ల కలిసి కాపురం చేసినా ఎదుటివాళ్లకి రాదు. ఇది పిన్నిగా బుజ్జగించడం కాదు. నేను లెక్కపెట్టేది ఫ్లూ కాదు మురళీ. ఏళ్ల తరబడి ఇదే నా పని, అందుకని చెప్తున్నాను.

ఇంతకంటే రాస్తే చెప్పకూడనిది చెప్పినట్టవుతుంది. నీకు ముందే తెలుసు గనక ఈ మాత్రమైనా రాశాను.

ఇక్కడ నేను చేసిన నిర్వాకం కూడా విను. తాంబూలాల రోజు నేనే ఆపించాను. జాతకాలు కుదరలేదన్నాను. జాతకాలు నమ్మనని ఊరంతా గొప్పలు చెప్పుకున్నదాన్ని నేనే. అమూల్య వాళ్లమ్మ నావైపు వింతగా చూసింది. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి పట్టుకుని, నేనేమైనా తప్పుగా మాట్లాడానా ఆంటీ అంది. ఏం చెప్పను? చెప్తే నా ఉద్యోగానికే కాదు, మా దగ్గరికి నమ్మి వచ్చే ప్రతి మనిషికీ ద్రోహం. చెప్పకుండా పెళ్లి చేస్తే ఆ పిల్లకి ద్రోహం. మధ్యలో జాతకం దొరికింది.

పెళ్లికి ముందు అందరూ చేయించుకుంటారు, నువ్వూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోరా అని ఆదర్శ్‌ని అడిగాను. అలా అడగడమూ తప్పే, నా హద్దు నేనే దాటాను. వాడు నన్ను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. మర్నాడు సామాను సర్దుకుని పరమట్టా దగ్గర ఫ్లాటుకి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న ఏమైందే అంటే, ఏమీ లేదంటున్నాను. కట్టుకున్న మనిషితో కూడా చెప్పుకోలేని సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లి వస్తున్నాను. ట్రెయిన్‌లో అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, నేను కిటికీలోంచి చూస్తూ ఎవరితోనైనా అనేస్తే బాగుండుననుకుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండు ఖాళీ మంచాలు. ఒకటి వాడిది, ఒకటి నీది. నువ్వయినా వాడికి ఫోను చెయ్యి. పారిపోయినవాడివి నువ్వు, క్షమాపణ నీ వైపునుంచే రావాలి.

పిన్ని


టార్నీట్
14 జులై 2024

పిన్నీ,

నేను ఫోన్ చెయ్యకముందే, బాబాయ్ దగ్గర నంబరు తీసుకుని నిన్న అన్నయ్యే చేశాడు. 'మమ్ హాజ్ లాస్ట్ ఇట్, బ్రో. షి వాంట్స్ మై బ్లడ్ టెస్టెడ్' అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. అమూల్య తనతో సరిగా మాట్లాడటం లేదన్నాడు. అమ్మకి తనంటే ఎందుకు అసహ్యం కలిగిందో తెలియడం లేదన్నాడు. ఫోన్ పెట్టేసి బయటికి వస్తే బాక్సులో నీ ఉత్తరం ఉంది.

చదువుతూ చదువుతూ నువ్వు లెక్కపెట్టేది ఫ్లూ కాదన్న మాట దగ్గర ఆగిపోయాను. అప్పుడు అంతా అర్థమైంది.

జబ్బు అన్నయ్యకి కాదు. నాకు. హెచ్ఐవి.

ఫిబ్రవరిలో జ్వరమొచ్చి తగ్గాక అనుమానం వచ్చి, సిటీలో అప్పటికప్పుడు పరీక్ష చేసే ఒక చోటికి వెళ్లాను. పాజిటివ్ వస్తే చట్టప్రకారం హెల్త్ డిపార్ట్‌మెంటుకి తెలియజేస్తామని గోడ మీద రాసి ఉంది. నాకు ప్రభుత్వమంటే ఒక్కటే పిన్నీ, నా వీసా ఫైలు చేతిలో ఉన్న ప్రభుత్వం. వీళ్లకి తెలిస్తే వాళ్లకి తెలిసినట్టే అనుకున్నాను. కౌంటర్లో అమ్మాయి పేరు అడిగింది. నా వెనక కుర్చీలో ఎవరో తెలుగులో ఫోన్ మాట్లాడుతున్నాడు. నా పేరూ ఇంటిపేరూ కలిపి వింటే చాలు, ఏ ఊరు, ఎవరి అబ్బాయి, పెదనాన్న ఎవరు, అన్నీ లాగేస్తారు. నా నోట్లోంచి అన్నయ్య పేరు వచ్చింది. పుట్టినరోజు కూడా వాడిదే చెప్పాను. అడ్రసు ఎలాగూ ఇద్దరిదీ ఒకటే.

ఎందుకు వాడి పేరే అంటే, వాడు సిటిజన్. ఆ పేరుని ఎవరూ ఏమీ చెయ్యలేరు, విమానం ఎక్కించి పంపలేరు. వాడికి ఏ నష్టమూ లేదు, కాసేపు చొక్కా అడిగి తొడుక్కున్నట్టే అనుకున్నాను. ఆ పేరు నడుచుకుంటూ వచ్చి వాళ్లమ్మ బల్ల మీదే కూర్చుంటుందని నాకెలా తెలుస్తుంది? నువ్వు ఫ్లూ జ్వరాలు లెక్కపెడతావని కదా మన అందరికీ తెలిసింది.

ఫలితం చెప్పడానికి 'ఆదర్శ్' అని పిలిచారు. చెప్పింది వినగానే ఒక్క క్షణం ఇది అన్నయ్యకి, నాకు కాదు అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

డాక్టరు పేరూ, వెళ్లాల్సిన చోటూ రాసిచ్చారు. ఫోన్ చేస్తామన్నారు, అందుకే నంబరు మార్చాను. అన్నయ్య పేరు మీద మందులు తీసుకోలేను, నా పేరు మీద వెళ్లడానికి ధైర్యం లేదు. ఇప్పటిదాకా ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

భయం వేసిందని రాశాను కదా, అన్నయ్యంటే భయం కాదు. నా వల్ల మీలో ఎవరికైనా వస్తుందని. తిన్న కంచం కడిగి, మీరు చూడకుండా మళ్లీ కడిగేవాడిని. నువ్వు కోపంగా రాసిన ఆ మాటలన్నీ, మాత్రల సంగతీ, జాడ అందకపోవడమూ, అన్నయ్యని వెనకేసుకొచ్చి రాసినవి. వాటిని నేను నా కోసం చదువుకున్నాను. ఇంగ్లీషులో అక్కడా చెప్పారు గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు. తెలుగులో ఎవరూ నాతో ఆ మాటలు అనలేదు.

ఎలా వచ్చిందని అడగకు. చెప్పగలిగిన రోజు నేనే చెప్తాను. అన్నయ్యకి చెప్పాలంటే చెప్పెయ్యి, వాడి పెళ్లి ఆపకు. అమ్మకి మాత్రం వద్దు.

ఆ పేరు నువ్వు చూశావు కదా? ఒక్క మాట రాయి, ఔనని.

మురళి


టూంగాబీ
21 జులై 2024

నాన్నా మురళీ,

ముందు నువ్వు అడిగినదానికి. చూశానో లేదో చెప్పను. నువ్వు చెప్పింది నీ సంగతే అయినా సరే, ఇవాళైనా, నేను రిటైరైపోయాకైనా, చెప్పను. ఇలా నోరు కట్టుకుని కూర్చునే మనిషి ఆ కుర్చీలో ఉంటుందనే నమ్మకం మీదే మీలాంటి పిల్లలు పరీక్షకి వస్తారు.

అందరికీ చెప్పదగ్గ సంగతి ఒకటి చెప్తాను. మాకు పూర్తి పేర్లు రావు. ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు, పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టినరోజు, ఇంకొన్ని వివరాలు. ఒకే మనిషిని మళ్లీ లెక్కించకుండా, ఆ మనిషెవరో బయటపడకుండా పెట్టుకున్న పద్ధతి. ముక్కూమొహం తెలియనివాళ్లకి అది ఎవరైనా కావచ్చు. అన్నప్రాశన చేసిన చేతికి మాత్రం కాదు. ఆ వివరాలు మా దగ్గరనుంచి వీసా ఆఫీసుకి వెళ్లవు. వీసాకి చేయించే వైద్యపరీక్ష వేరు, అక్కడ వాళ్లే అడుగుతారు. దానికీ దారులున్నాయి, డబ్బు తీసుకోకుండా చూసే లాయర్లు ఉన్నారు. అంతా సులువని నేను చెప్పను. మందు వేసుకోకుండా దాక్కుంటే మాత్రం వీసా వచ్చేనాటికి దాన్ని అందుకునే మనిషివి ఉండవేమోనని నా భయం.

ఇంక తల్లి మనసు గురించి రాయకూడదని నాతో ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. నీ ఉత్తరం గరాజులో కారులో కూర్చుని చదివాను. నా కొడుక్కి కాదని తెలిసి మొదట హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే, మరి ఎవరికో గుర్తొచ్చి ఉత్తరం మొదటినుంచీ మళ్లీ చదివాను. నీకు సిగ్గేసిందని రాశావే, నాకూ అంతే వేసింది. ఇద్దరం ఒకరినొకరం క్షమించుకుందాం.

మరి నిన్ను తిట్టిన తిట్లో? పారిపోయావన్నాను. భయం ఎవరి కోసమో అడగనైనా అడగలేదు. జబ్బు గురించి అంత తెలిసినదాన్ని, నా ఇంట్లో ఒక పిల్లాడు కంచం మళ్లీ కడుగుతుంటే గమనించలేకపోయాను.

నిన్న అమూల్య వాళ్లింటికి వెళ్లాను. జాతకం చూసిన ఆయనకి చత్వారమట, తప్పు చూశాడట, మీకు నచ్చిన రోజు పెట్టుకోండి అన్నాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది గానీ పూర్తిగా నమ్మలేదు. ఆదర్శ్ ఫ్లాటుకి కూడా వెళ్లాను. తప్పయిందిరా అన్నాను. 'బట్ వై, మమ్?' అన్నాడు. చెప్పలేను అన్నాను. 'ఓకే' అని కెటిల్ ఆన్ చేశాడు. ఇంటికి రమ్మంటే చూద్దామన్నాడు.

నువ్వు చెప్పమన్నా వాడికి నేను చెప్పను. అది నీది. నువ్వు చెప్పేదాకా వాడి కళ్లకి నేను జాతకాల పిచ్చిదాన్నిగానే ఉంటాను, నాకేం అరిగిపోదు. మీ అమ్మ విషయమూ అంతే. నువ్వేం రాశావని మీ బాబాయ్ అడిగితే, పెరుగు డబ్బా మీద పేరు రాసుకుంటున్నాడట అని చెప్పాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినవి రెండున్నాయి. వాటిని నేను చెయ్యలేను, చెయ్యకూడదు. ఒకటి, సిడ్నీలో నువ్వు వెళ్లిన చోటికి ఫోన్ చేసి ఆ పేరు నీది కాదని చెప్పాలి. ఆ పేరు అలాగే ఉంటే, దాన్ని గుర్తుపట్టే మనిషెవరైనా నిద్ర లేకుండా గడుపుతారు. రెండు, మెల్‌బోర్న్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ లెక్క రాసుకునే ఆఫీసు వేరు, నా కంట పడదు. వచ్చే నెల మొదటి శనివారం నేను వస్తున్నాను, సోమవారం నీతో డాక్టరు దగ్గరికి వస్తాను. లోపలికి రాను. బయట కుర్చీలో కూర్చుంటాను.

పేరు అడిగినప్పుడు నీది చెప్పు, ఇంటిపేరుతో సహా. నీ బారసాల రోజు మీ నాన్న పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో ఆ పేరు రాస్తుంటే, నేను పక్కనే కూర్చుని సరిగా రాస్తున్నారా లేదా అని చూశాను. ఎక్కడో దాచుకోవడానికి పెట్టిన పేరు కాదు.

పిన్ని


టార్నీట్
31 జులై 2024

పిన్నీ,

శనివారం దాకా ఆగితే మళ్లీ ధైర్యం చాలదేమోనని నేనే చేసేశాను. ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోపు అందాలని ఎక్స్‌ప్రెస్ కవర్లో వేస్తున్నాను.

సిడ్నీకి ఫోన్ చేశాను. అవతల ఉన్నామె తిట్టలేదు. సరిచేస్తామంది. మీరు ఎలా ఉన్నారు అని అడిగింది, థాంక్స్ అని ఫోన్ పెట్టేశాను.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ముందు స్పీకర్ తియ్యమన్నాను. వాడు కారు ఆపి మొత్తం విన్నాడు. నా పేరు ఎందుకు వాడావని ఒక్కసారి కూడా అనలేదు. 'సో మమ్ థాట్ ఇట్ వాజ్ మీ' అన్నాడు. ఆ తర్వాత ఏడుస్తున్నాడని తెలిసింది. ఈ ఆదివారం ఇంటికి భోజనానికి వెళ్తానన్నాడు. నువ్వు ఇక్కడుంటావని చెప్తే, అయితే నువ్వు తిరిగి వెళ్లేదాకా డాడ్ దగ్గర కూర్చుంటానన్నాడు.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాను. వేర్‌హౌస్‌లో సెలవు పెట్టి, ఈసారి స్టేషన్‌లో ట్రెయిన్ ఎక్కాను. కౌంటర్లో పేరు అడిగారు. చెప్పాను. అర్థం కాలేదు, ఇంకొంచెం గట్టిగా చెప్పమన్నారు. వెయిటింగ్ హాల్లో మూలనున్న ఒకాయన, మనవాడే, ఇంటిపేరు వినగానే తలెత్తి నావైపు చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను. అయినా ఆయన్ని చూస్తూనే మళ్లీ చెప్పాను, గట్టిగా, ఇంటిపేరుతో సహా. ఆయన నెమ్మదిగా తలాడించి తన చేతిలో ఉన్న మందుల సంచీ ఒళ్లో సర్దుకున్నాడు. 

మాత్రలు మొదలుపెట్టాను. సీసా మీద నా పేరే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదట.

సోమవారం ఇంకో రక్తపరీక్ష ఉంది. నువ్వు చెప్పిన ఆ బయటి కుర్చీ నీ కోసం ఉంచాను.

శనివారం స్టేషన్‌కి రావాలనే ఉంది, కానీ షిఫ్టు అయిపోయేసరికి ఆలస్యమవుతుంది, నువ్వే నడిచి రావాలి. ఇక్కడ ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయని రాశాను కదా, నంబరు వెతుక్కుంటూ తిరగకు. వీధి మధ్యలో నిలబడి నన్ను పేరు పెట్టి పిలువు. ఎవరు విన్నా పర్వాలేదు, బయటికి వస్తాను.

బాలమురళి